స్టోన్ బ్యాండు ‘నో అనస్థీషియా!’: చెవికి ఎందుకు ఎక్కదు, ఎలా వింటే ఎక్కుతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఫిన్లాండ్ మెటల్ బ్యాండు చిల్డ్రన్ ఆఫ్ బోడమ్ వింటూ, వాళ్ళ గిటారిస్టు రోపె లట్వల అంతకుముందు ఎక్కడ వాయించేవాడా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే అక్కడి పాత థ్రాష్ (మెటల్‌లో మహా వేగంగా వాయించే రకం) బ్యాండు స్టోన్ తగిలింది. 1988 నాటి మొదటి ఆల్బమ్ ఒక్కసారికే నచ్చేసింది. 1989లో వచ్చిన రెండోది, ‘నో అనస్థీషియా!’, మూడుసార్లు విన్నా అంతా ఒకే రొదలా ఉంది, ఒక్క పాటా నోట నిలవలేదు. లోపం ఆల్బమ్‌దా, మీ చెవిదా? గిటార్ రెండేళ్ళుగా నేర్చుకుంటున్నారు కాబట్టి ఇందులో మీకు పనికొచ్చేది ఏమైనా ఉందా?

లోపం కొంత ఆల్బమ్‌దే. దాని సంగతి చివర్లో చెప్తాను. మిగతాది చెవిది కూడా కాదు, మీరు వింటున్న పద్ధతిది. నాకూ మొదట్లో అచ్చం ఇలాగే అయింది.

ఉద్యోగం మీద నాలుగేళ్ళు ఫిన్లాండ్‌లోని ఎస్పోలో ఉన్నాను. బోడమ్ సరస్సు ఉన్నది ఆ ఊరి పరిధిలోనే, చిల్డ్రన్ ఆఫ్ బోడమ్ పేరు దాన్నుంచి వచ్చిందే. లెప్పవార స్టేషన్ పక్కన సెల్లో అనే షాపింగ్ మాల్, దాన్లోనే పబ్లిక్ లైబ్రరీ. అక్కడ పుస్తకాలు ఇచ్చినట్టే సంగీతం సీడీలు కూడా ఇంటికి ఇచ్చేవారు. చలికాలంలో మూడున్నరకే చీకటి పడితే మనలాంటి వాళ్ళకి చేసేందుకు ఏముంటుంది? అరలో మెటల్ వరస మొత్తం ఒక్కొక్కటే తెచ్చుకుని వినేవాడిని. స్టోన్ రెండో ఆల్బమ్ తెచ్చి, విని, తిరిగిచ్చేసి, ‘వేగం తప్ప ఏమీ లేదు’ అని తేల్చేశాను. ఆ మాట మా ఆఫీసులో ఒక ఫిన్నిష్ సహోద్యోగితో అన్నాను. ఆయన కుర్రతనంలో డ్రమ్స్ వాయించేవాడట. ఫిన్లాండ్ వాళ్ళు వాదించరు కదా, కాఫీ తాగడం పూర్తిచేసి ఒకటే అన్నాడు: ‘నువ్వు గిటార్ వింటున్నావు. డ్రమ్స్ విను.’ మళ్ళీ తెచ్చుకున్నాను.

ఆ డ్రమ్స్ మాట దగ్గరికి వెళ్ళే ముందు, ఈ ఆల్బమ్ ఏ పరిస్థితుల్లో వచ్చిందో కాస్త చెప్పాలి. అది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

స్టోన్‌ది కెరవ అనే చిన్న ఊరు. హెల్సింకీ నుంచి ఉత్తరంగా లోకల్ ట్రైన్‌లో అరగంట. 1985లో మొదలైనప్పుడు వాళ్ళ పేరు క్రాస్ ఆఫ్ ఐరన్, తర్వాత స్టోన్ అయింది. నలుగురు: పాడుతూ బేస్ వాయించే యన్నె యోఉట్సెన్నియెమి, గిటార్ల మీద రోపె లట్వల, యిరి యల్కనెన్, డ్రమ్స్ మీద పెక్క కసరి. రెండో ఆల్బమ్ నాటికి వాళ్ళవి ఇరవైకి అటూ ఇటూగా ఉన్న వయసులు. విడుదల చేసింది మెగామానియా అనే ఫిన్నిష్ కంపెనీ. అప్పటికి ఫిన్లాండ్ జనాభా మొత్తం 50 లక్షల లోపు. బయటి దేశాల్లో పేరు తెలిసిన ఫిన్నిష్ రాక్ బ్యాండు అంటే హనోయ్ రాక్స్ అనేవారు, వాళ్ళు కూడా 1985లోనే విడిపోయారు. ఇప్పుడు ఫిన్లాండ్ అనగానే మెటల్ గుర్తొస్తుంది గానీ, ఆ రోజుల్లో ఆ మాట అంటే వాళ్ళే నవ్వేవాళ్ళు.

ఇప్పుడు ఈ నాలుగు అంకెలు చూడండి. మొదటి ఆల్బమ్ ‘స్టోన్’ 1988. ‘నో అనస్థీషియా!’ 1989. ‘కలర్స్’ 1990. ‘ఎమోషనల్ ప్లేగ్రౌండ్’ 1991. ఏడాదికొకటి చొప్పున నాలుగు, ఆ తర్వాత బ్యాండు విడిపోయింది. మొదటి ఆల్బమ్‌లో ఉన్న పాటలు రెండు మూడేళ్ళు రిహార్సల్ గదుల్లో, చిన్న చిన్న స్టేజీల మీద అరగదీసినవి. జనం ఎక్కడ ఊగారో, ఎక్కడ బీరు కోసం వెళ్ళిపోయారో చూసుకుని దిద్దుకున్నవి. అందుకే ‘గెట్ స్టోన్డ్’, ‘నో కమాండ్స్’ లాంటివి ఒక్కసారికే పట్టేస్తాయి. రెండో ఆల్బమ్‌కి అంత వ్యవధి ఎక్కడిది? ఏడాదిలో రాయాలి, కచేరీలు చేస్తూ రాయాలి. జనం ముందు నలిగే అవకాశం లేని పాటల్లో ఏమవుతుందంటే, నోటికొచ్చే పల్లవి తగ్గుతుంది, చేతికొచ్చే పనితనం పెరుగుతుంది. అప్పటికి వాళ్ళ చేతులు బాగా తిరిగిపోయాయి మరి. మొదటి ఆల్బమ్ వినేవాళ్ళ కోసం కట్టినట్టు ఉంటే, రెండోది వాయించేవాళ్ళు తమలో తాము పందెం వేసుకుని కట్టినట్టు ఉంటుంది. మీరు పల్లవి వెతికారు. అది అక్కడ పెద్దగా లేదు.

మరి ఉన్నదేమిటి? నా లెక్కలో ఈ ఆల్బమ్ అసలు విషయం వేగం కాదు, బ్రేకు. వేగంగా వెళ్ళడం వాళ్ళకి మొదటి ఆల్బమ్‌కే వచ్చు. వెళ్తున్న బండిని మలుపులో ఎక్కడ ఆపాలి, ఎంత ఆపాలి, మళ్ళీ ఎక్కడ వదలాలి అనేది ఇక్కడ నేర్చుకున్నారు.

దీన్ని చెవితో పట్టుకోవడానికి ఒక చిన్న పని చెయ్యండి. ఆల్బమ్ పెట్టే ముందు, కుర్చీలో కూర్చుని కుడి అరచెయ్యి తొడ మీద పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నింపాదిగా లెక్కేస్తూ తట్టండి. మామూలు రాక్ పాటలో స్నేర్ డ్రమ్, అంటే ‘టప్’ అని పగిలినట్టు వినిపించేది, రెండు మీద, నాలుగు మీద పడుతుంది. థ్రాష్ జోరందుకున్నప్పుడు అదే స్నేర్ ప్రతి అంకెకీ మధ్యలో పడుతుంది: దుం-టప్, దుం-టప్, దుం-టప్, దుం-టప్. తలలు ఊడిపోయేలా ఊపేది అప్పుడే. ఇక నెమ్మదించే చోట నాలుగు అంకెల్లో మూడు మీద ఒక్కటే దెబ్బ. లెక్క మారదు, మీ చెయ్యి అదే వేగంతో తడుతూ ఉంటుంది. దెబ్బ పడే చోటు ఒక్కటే మారుతుంది. అంతమాత్రానికే పాట మొత్తం సగం వేగానికి పడిపోయినట్టు, లేదా రెట్టింపైనట్టు అనిపిస్తుంది.

చిన్నప్పుడు సంగీతం క్లాసుకి వెళ్ళి ఉంటే ఇది మీకు వెంటనే వెలుగుతుంది. సరళీ స్వరాలు మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని పాడించేవారు. చెయ్యి వేసే తాళం అదే, గొంతు మాత్రం రెట్టింపు, ఆపైన రెట్టింపు. థ్రాష్‌లో జరిగేది దీనికి తిరగేసి. గిటార్ తన పాటికి తాను ఒకటే రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరస, వాయిస్తూ పోతుంటుంది, కింద తాళం కాలం మారుస్తుంది. అదే రిఫ్ ఒకసారి పరుగులా, ఒకసారి బరువుగా నడిచే ఏనుగులా వినిపిస్తుంది. ‘ఇందాక విన్న రిఫే కదా, వేరేలా ఉందేమిటి’ అనిపించిన చోటల్లా కసరి పని అది.

ఇది తెలిశాక ‘ఎంప్టీ కార్నర్’ పెట్టండి. ఆ తర్వాత ఆల్బమ్ మొదటి పాట ‘స్వీట్ డ్రీమ్స్’. (యూరిథ్మిక్స్ వాళ్ళ పాట కాదు, పేరొక్కటే కలిసింది. నేనూ మొదట దాన్ని థ్రాష్‌లో వాయించారేమో అని ఆశపడ్డాను.) మొదటిసారి స్నేర్ తప్ప మిగతాదేదీ పట్టించుకోకండి. దెబ్బ చోటు మారినప్పుడల్లా వేలు మడవండి. పాట అయ్యేసరికి ఎన్ని వేళ్ళు మడిచారో చూస్తే, రొదలా ఉందన్న మాట మీరే వెనక్కి తీసుకుంటారు. రెండోసారి వినేటప్పుడు ఆ మార్పు వచ్చే ముందు డ్రమ్స్ ఏం చేసి హెచ్చరిస్తున్నాయో వినండి. కొన్నిచోట్ల చిన్న రోల్, అంటే గబగబా పడే దెబ్బల వరస, ఉంటుంది, కొన్నిచోట్ల ఏ హెచ్చరికా లేకుండా తిప్పేస్తారు. నాకు ఆ రెండో రకమే ఇష్టం. ‘మత్తుమందు లేకుండా’ అని పేరు పెట్టుకున్నందుకు అక్కడ న్యాయం చేశారు.

ఇయర్‌ఫోన్స్‌లో బేస్ బూస్ట్ లాంటివి ఆన్‌లో ఉంటే ముందు తీసెయ్యండి. ఆ కాలపు థ్రాష్ రికార్డింగుల్లో గిటార్ శబ్దానికి మధ్య స్థాయి తక్కువ, అంచులు పదును. మీ ఫోన్ కింద బరువు పెంచితే కిక్ డ్రమ్, బేస్, గిటార్ ముద్దైపోయి, సరిగ్గా మీరు చెప్పిన రొద తయారవుతుంది. వీలైతే మామూలు స్పీకర్లలో, మధ్యరకం సౌండుతో వినండి.

ఇక గిటార్ నేర్చుకునేవాడిగా మీకేం పనికొస్తుందో చెప్తాను.

థ్రాష్ రిఫ్‌కి ప్రాణం కుడిచెయ్యి. ఎడమచేతి వేళ్ళు చేసేది చూసి అందరూ ముచ్చటపడతారు గానీ కష్టమంతా ఇటుపక్కే. అరచేతి అంచు, చిటికెన వేలు కింద ఉండే కండ, బ్రిడ్జి మీద తీగలు మొదలయ్యే చోట ఆనించాలి. ఒక పూచికపుల్లంత ముందుకు జరిగితే తీగ గొంతు నొక్కేసినట్టు చచ్చిపోతుంది. అంతే వెనక్కి జరిగితే తీగ విచ్చలవిడిగా మోగుతుంది. ఆ రెండింటి నడుమ ‘జగ్’ అని దగ్గినట్టు వచ్చే శబ్దమే పామ్ మ్యూటింగ్. స్టోన్ రిఫ్‌లలో ఈ దగ్గుకీ, చెయ్యి ఎత్తి వదిలేసిన తీగ మోతకీ మధ్య మార్పులు దగ్గర దగ్గరగా ఉంటాయి. అంటే అరచెయ్యి ఆనించడం, ఎత్తడం కూడా లయలో భాగమే. చాలామంది దీన్ని వదిలేసి స్వరాలు మాత్రం నేర్చుకుంటారు, ఆ తర్వాత ‘అన్నీ సరిగ్గానే ఉన్నాయి కానీ అలా వినిపించట్లేదు’ అంటారు.

వేగం లెక్క కూడా ఒకసారి వేసుకోండి. నిమిషానికి 200 బీట్లు అనుకుందాం. ఒక్కో బీటుకి రెండు దెబ్బలంటే సెకనుకి ఆరేడు. నాలుగంటే సెకనుకి పదమూడు. రెండు దెబ్బల వాటిని వీలైనంతవరకు అన్నీ కిందికే కొట్టండి, అంటే డౌన్ పికింగ్. ఆ బిగువు పైకీ కిందికీ కొడితే రాదు. నాలుగు దెబ్బలవి పైకీ కిందికీ తప్ప మనిషన్నవాడి వల్ల కాదు. అయితే ఏ రిఫ్‌లో ఏ పద్ధతి అనేది మీరే విని తేల్చుకోవాలి. నెట్‌లో దొరికే ట్యాబ్‌లు (గిటార్ వాయించే పద్ధతి రాసిన కాగితాలు) ఎక్కడ వేలు పెట్టాలో చెప్తాయి గానీ, తీగను మీటే పిక్ ఎటు వెళ్ళాలో చాలావరకు చెప్పవు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. ఆ సీడీ రెండోసారి తెచ్చుకున్న ఉత్సాహంలో, మొదటి రోజే అసలు వేగంతో వాయించాలని కూర్చున్నాను. మూడు గంటలు. మర్నాడు కాఫీ కప్పు పట్టుకుంటే మణికట్టు దగ్గర సూది దిగినట్టయింది. రెండు వారాలు గిటార్ ముట్టుకోలేదు, మౌస్ కూడా ఎడమచేత్తోనే. మీరు అలా చెయ్యకండి. మెట్రోనోమ్ (తాళం కొట్టే సాధనం) నిమిషానికి 110 బీట్ల దగ్గర పెట్టి, భుజం బిగుసుకోకుండా ఐదు నిమిషాలు నిలకడగా వస్తేనే నాలుగైదు పెంచండి. భుజం చెవివైపు పైకి లేస్తోందంటే వేగం మీకు మించిపోయిందని గుర్తు. నొప్పి వస్తే ఆపెయ్యండి. ఓర్చుకుంటే బలం వస్తుందనే మాట కండకి చెల్లుతుందేమో, నరానికి చెల్లదు.

రెండు గిటార్లను విడదీసి వినడం కూడా అలవాటు చేసుకోండి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీసేసి వినండి, తర్వాత రెండోది. రెండు గిటార్లు కలిసి ఒకే గోడ కట్టే చోటు ఎక్కడ, విడిపోయే చోటు ఎక్కడ అన్నది అలా తేలుతుంది. లట్వల సోలోల గురించి అందరూ చెప్తారు, అవి బాగుంటాయి కూడా. కానీ రెండేళ్ళ అనుభవంతో వాటి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. సోలో జరుగుతున్నప్పుడు కింద రెండో గిటార్ ఏం చేస్తోందో అది నేర్చుకోండి. రేపు ఏ బ్యాండులో చేరినా మీకు ముందు దక్కేది ఆ పనే.

గొంతు గురించి. యోఉట్సెన్నియెమి పాడడు, అరుస్తాడు, అదీ పంక్ వాళ్ళ అరుపుకి దగ్గరగా. మీకు ఎక్కకపోవడానికి సగం కారణం ఇదేనేమోనని నా అనుమానం. ఇక్కడొక భాషా సంగతి ఉంది. ఫిన్నిష్‌లో ఏ మాటకైనా ఒత్తు మొదటి అక్షరం మీదే పడుతుంది. వాళ్ళ ఇంగ్లీషులోకీ ఆ అలవాటు కొంత వస్తుంది. దాంతో ఇంగ్లీషు మాటలు జారిపోకుండా తరిగిన ముక్కల్లా పడతాయి. అమెరికా గొంతులకి అలవాటు పడ్డ చెవికి ఇది మొరటుగా ఉంటుంది. నాకైతే ఆ తరుగుడు రిఫ్‌తో బాగా అతికినట్టు అనిపిస్తుంది, కానీ ఇది రుచి సంగతి, వాదించను. అన్నట్టు ఆయన ఇంటిపేరు చూసి భయపడకండి. యోఉట్సెన్ అంటే హంస, నియెమి అంటే నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల. రెండూ కలిసే చోట ‘న’కి మన లాంటి ద్విత్వమే, అది ఒత్తి పలకాలి. పెక్కలో ‘క్క’ కూడా అంతే. ఇంగ్లీషు వాళ్ళు తడబడే ఈ పేర్లు మన నాలుకకి తేలిక.

ఇప్పుడు లోపాలు. ఇందులో పాటలకి ముఖాలు తక్కువ. రిఫ్ తర్వాత రిఫ్ వస్తూనే ఉంటుంది, దేన్నీ కాసేపు నిలబెట్టి ‘ఇదిగో నేను’ అననివ్వరు. ‘బ్యాక్ టు ది స్టోన్ ఏజ్’ లాంటిది మినహాయింపు. బ్యాండు పేరుతోనే ఆటాడుకున్న ఆ పాట జనంలోకి వెళ్ళింది. గొంతు మొదటి పాట నుంచి చివరిదైన ‘మీనింగ్ ఆఫ్ లైఫ్’ దాకా ఒకే మెట్టు మీద నిలబడుతుంది, దాంతో ఎంత మలుపు తిప్పినా పైపైన వినేవాడికి చదునుగా తోస్తుంది. మీరు మూడుసార్లు విని వదిలెయ్యడంలో తప్పు లేదంటాను అందుకే. పాటల బలం చూస్తే మొదటి ఆల్బమే గెలుస్తుంది. ఆల్బమ్‌గా మొత్తంమీద నా ఓటు మూడోదైన ‘కలర్స్’కి. అక్కడ వేగం బాగా తగ్గించి, బరువు పెంచి, పాటకి ఊపిరి తీసుకునే చోటు ఇచ్చారు. ‘నో అనస్థీషియా!’ లేకపోతే ‘కలర్స్’ వచ్చేది కాదని నా నమ్మకం. బ్రేకు మీద కాలు పెట్టడం నేర్చుకున్నది ఇక్కడైతే, అక్కడ ఆ కాలు తియ్యకుండా మొత్తం ఆల్బమే నడిపారు. కాబట్టి మీరు 1989 నుంచి వెంటనే 1990కి వెళ్ళి, మళ్ళీ వెనక్కి రండి. రెండోది చెవికెక్కే అవకాశం అప్పుడు ఎక్కువ.

అదే కాలంలో వాళ్ళు ఒంటరి కాదు. ఔలు వైపు నుంచి ఎ.ఆర్.జి., నేషనల్ నాపామ్ సిండికేట్, టాంపెరె నుంచి ప్రెస్టీజ్, ఇంకా ఎయిర్‌డాష్ ఉండేవి. యల్కనెన్ 1990లో వెళ్ళిపోయాక ఆ చోటులోకి వచ్చిన మర్కు నీరనెన్ ఈ ఎయిర్‌డాష్ మనిషే.  1991తో స్టోన్ అప్పటికి ముగిసింది, 1992లో ‘ఫ్రీ’ అని ఒక లైవ్ ఆల్బమ్ వచ్చింది.

తర్వాత ఎవరెటు పోయారో చూస్తే మీకు సరదాగా ఉంటుంది. కసరి 1996 నాటికి అమోర్ఫిస్ అనే ఫిన్నిష్ మెటల్ బ్యాండులో ఉన్నాడు, ‘ఎలిజీ’ మొదలుకుని 2001 నాటి ‘ఆమ్ యూనివర్సమ్’ దాకా డ్రమ్స్ ఆయనవే. అవి విని, వెంటనే ఇది వినండి. ఎక్కడ దెబ్బ మానెయ్యాలో తెలిసిన చెయ్యి రెండింట్లోనూ ఒకటే. యోఉట్సెన్నియెమి సబర్బన్ ట్రైబ్ అనే బ్యాండుకి వెళ్ళాడు. లట్వల వాల్టరి, సినర్జీ అనే బ్యాండుల మీదుగా 2003లో చిల్డ్రన్ ఆఫ్ బోడమ్‌లో చేరి 2015 దాకా ఉన్నాడు. ఆయన చేరడానికి చాలా ముందే వాళ్ళు స్టోన్ పాట ‘నో కమాండ్స్’ని మళ్ళీ వాయించి రికార్డు చేశారు. ఎస్పో కుర్రాళ్ళు చిన్నప్పుడు విన్న కెరవ బ్యాండు గిటారిస్టు, చివరికి వాళ్ళ పక్కనే నిలబడి వాయించాడన్నమాట.

నేను ఒక శనివారం కెరవ కూడా వెళ్ళొచ్చాను. చూడ్డానికి ఏమీ లేదు. స్టేషను, దాని ముందు అంగళ్ళ వీధి, సైకిళ్ళు, మంచు. ఎవరికీ ఏ విగ్రహమూ కనపడలేదు. ఒక కేఫ్‌లో దాల్చినచెక్క బన్ను తిని వెనక్కొచ్చాను. ఆ నిశ్శబ్దం చూశాక, అక్కడి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి అంత రొద ఎందుకు అవసరమైందో అడగాలనిపించలేదు.

ఆఖరుగా వెతకడం గురించి, ఇది చాలామందిని ఏడిపిస్తుంది. స్టోన్ అని ఒక్కమాట కొడితే రోలింగ్ స్టోన్స్ దగ్గర్నుంచి కిడ్నీలో రాళ్ళ దాకా అన్నీ వస్తాయి. ఆల్బమ్ పేరు కలిపి కొట్టండి. అదీ బ్రిటిష్ స్పెల్లింగ్‌లో, అంటే ‘ఎ’ తర్వాత ‘ఎన్’, ‘ఎ’, ఆ పక్కనే ‘ఇ’ వచ్చేలా. ఒక ‘ఎ’ తక్కువైన అమెరికన్ స్పెల్లింగ్‌తో నేను వారం రోజులు వెతికాను.